ఇంటికొక అఖ్‌రా: షిఫ్టుల ఊరిలో పాట, పనితనం

కళ అనే మాట చెవిన పడగానే వేదిక, తెర, దీపాలు, చప్పట్లు కొట్టే జనం మనసులో మెదలడం నగరజీవితం అంటించిన అలవాటు. ఆ అలవాటు మనుషులను రెండు వర్గాలుగా విడగొట్టి, కొద్దిమందికి పాడే పనిని, మిగిలిన అందరికీ వినే పనిని అప్పగించింది. అందుకే పదిహేనేళ్ల వయసులో హార్మోనియం పెట్టె మూసేసిన మనిషి నలభై ఏళ్లు వచ్చేసరికి తనకు పాట రాదని ఏ సంకోచమూ లేకుండా చెప్పగలుగుతున్నాడు. ఝార్ఖండ్‌లోని ముండా ఆదివాసులకు ఈ విభజన పరాయిది. నడకే నాట్యం, మాటే పాట అనే అర్థం వచ్చే 'సెన్ గీ సుసున్, కాజీ గీ దురంగ్' అనే సామెత వారి భాషలో ఉంది. ఆ సామెత గాలిలో తేలిపోకుండా పట్టి ఉంచే ఒక చోటు కూడా వారి ఊళ్లలో ఉంది. దాని పేరు అఖ్‌రా. చెట్ల నీడన చదునుచేసి ఉంచిన ఆ నేల మీదకు పొద్దుగూకాక ఊరివారు చేరి, చేతులు కలిపి, వరుసలు కట్టి ఆడతారు, పాడతారు. అక్కడ వేదిక ఉండదు, కాబట్టి దానికి ఎదురుగా కూర్చునే ప్రేక్షకుడూ ఉండడు. వచ్చినవాడు వరుసలో చివరన నిలబడి, పక్కవాడి అడుగు చూస్తూ తన అడుగు సర్దుకుంటాడు.

నిత్యజీవితంలో సంగీతం, సృజన, పనితనం నిలబడాలంటే ప్రతిభ ఉండాలనీ, తీరిక ఉండాలనీ సాధారణంగా అనుకుంటారు. పనితనం అంటే ఇక్కడ చేతితో చేసే పనిని, అవసరం తీరిన తరువాత కూడా, ఆ పని కోసమే ఇంకొంచెం బాగా చేయాలనిపించే గుణం. ఈ అధ్యాయం ప్రతిపాదించేది వేరు: ప్రతిభ, తీరిక అనేవి తరువాత వచ్చే విషయాలు, ముందుగా కావలసింది ఆ పనికి ఒక తావు, ఒక వేళ, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే నలుగురు. ఈ మాటను పరీక్షించడానికి జంషెడ్‌పూర్ కంటే తగిన ఊరు దొరకడం కష్టం, ఎందుకంటే తీరిక అనేది గడియారానికి లొంగని ఊరు అది.

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల కూడలి దగ్గర, సాక్చి అనే పల్లెను ఆనుకుని ఆ పట్టణం పుట్టింది. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడగా, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అనే పేరు, కాలిమాటి రైల్వే స్టేషనుకు టాటానగర్ అనే పేరు స్థిరపడ్డాయి. ఊరు కాగితం మీద కూడా లేని రోజుల్లో, 1902లో, జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి రాసిన లేఖలో వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, తోటలు, ఆటస్థలాలు, అన్ని మతాలవారి ప్రార్థనాస్థలాలకు ముందే జాగా కేటాయించమని సూచించాడు. పరిశ్రమ స్థాపకుడు కొలిమి గురించే కాక ఖాళీ నేల గురించి కూడా ఆలోచించడంలో ఒక తెలివి ఉంది: ముందుగా చోటు విడిచిపెట్టని దానికి తరువాత చోటు దొరకదని ఆయనకు తెలుసు. ఇంటికి కూడా వర్తించే ఈ సూత్రం దగ్గరకు తరువాత మళ్లీ రావలసి ఉంటుంది.

బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే ఎత్తైన కొలిమి, రాత్రయిందని ఆగేది కాదు. అందుకే ఉక్కు కర్మాగారంలో రోజును మూడు ముక్కలు చేశారు. దేశంలో చట్టం ఇంకా ఆ ఊసే ఎత్తని 1912లోనే ఈ కంపెనీ ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుచేసింది. అప్పటినుంచీ ఆ ఊరి జీవితం ఏ, బీ, సీ అనే మూడు షిఫ్టుల చుట్టూ తిరుగుతోంది. ఉదయపు షిఫ్టు మధ్యాహ్నానికి, మధ్యాహ్నపుది రాత్రికి, రాత్రిది తెల్లవారుజాముకు మారుతూ ఉంటే, రోజూ సాయంత్రం ఆరు గంటలకు సాధన చేయాలన్న నియమం పెట్టుకున్న మనిషి వారం తిరక్కముందే ఓడిపోతాడు. ఆ ఓటమికి కారణం మనోబలం లేకపోవడం కాదు, నియమాన్ని గడియారపు ముల్లుకు కట్టడం.

ఈ చిక్కుకు విరుగుడు ఆ పట్టణానికి వలస వచ్చిన తెలుగువారి అలవాట్లలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వెళ్లి, తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలకు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ కూడలి స్థలాలయ్యాయి. ఉత్తరాంధ్ర పల్లెలో రామమందిరం అంటే దేవుడి గుడి మాత్రమే కాదు. పగలు ముసలివారు కూర్చునే అరుగు, రాత్రి భజన జరిగే చావడి అదే. ముండా పల్లెకు అఖ్‌రా ఏమిటో తెలుగు పల్లెకు రామమందిరం అది. పైగా భజన అనే పద్ధతి కట్టుబడిలోనే షిఫ్టు మనుషులకు పనికివచ్చే ఒక వెసులుబాటు ఉంది. ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. ఎత్తుకునేవాడు రాత్రి డ్యూటీకి పోతే మరొకడు ఎత్తుకుంటాడు, గుంపులో ముగ్గురు తగ్గినా పాట ఆగదు. కొత్తవాడికి చిడతలో తాళాలో చేతికి ఇస్తే, తాళం కుదిరే వరకు అతని తప్పులను ఆ హోరు దాచిపెడుతుంది. కచేరీలో ఒక్క అపస్వరం అందరికీ వినిపిస్తుంది. భజనలో అది ఎవరికీ వినిపించదు. నేర్చుకోవడం మొదలుపెట్టేవారికి ఇంతకు మించిన ఉపకారం చేసే పద్ధతి లేదు.

కాబట్టి కొత్తగా ఒక కళను ఎంచుకునేవారు 'నాకు ఏది ఇష్టం' అన్న ప్రశ్నతో పాటు 'ఏమీ రానివాడికి ఇందులో కూర్చోవడానికి పీట ఉందా' అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. చెక్కభజన, కోలాటం, బృందగానం వంటివాటిలో ఆ పీట ఉంది. ఒంటరిగా వీణ నేర్చుకోవడంలో చాలాకాలం ఉండదు. ఉత్తరాంధ్ర యాదవుల తప్పెటగుళ్లలో ఛాతీకి కట్టుకున్న గుండ్రటి వాద్యాన్ని వాయించేవాడే పాడతాడు, గజ్జెలు కట్టి ఆడేవాడూ అతడే. అయినా ఆ బృందంలోనూ కొత్తవాడు చేరేది చివరి స్థానంలోనే.

పాట తరువాత పని సంగతి. ఖర్కాయి దాటితే సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా. అక్కడి సరాయికేలా ఛౌ నృత్యానికి, దాని సోదరులైన పురూలియా, మయూర్‌భంజ్ ఛౌలతో కలిపి, 2010లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఛౌ అభ్యాసానికి రెండు పునాదులు. ఒకటి పరీఖండ, అంటే కత్తి, డాలు పట్టి చేసే సాము. రెండవది ఉఫ్లీ. ఈ రెండవదే ఈ అధ్యాయానికి ముఖ్యం. ఉఫ్లీలు అనేవి ఇంటిపనుల నుంచి తీసుకున్న అంగవిన్యాసాలు: పేడనీళ్లు కలిపి కళ్ళాపి చల్లడం, వాకిలి ఊడ్వడం, అంట్లు తోమడం, పసుపు నూరడం, వడ్లు దంచడం, తల దువ్వుకోవడం, బియ్యప్పిండితో ముగ్గు పెట్టడం. మయూర్‌భంజ్ సంప్రదాయం వీటిని ముప్పై ఆరుగా లెక్క చెబుతుంది. నర్తకుడు ఈ పనులన్నింటినీ ఎక్కువగా కాలితోనే చూపాలి. పాదం చీపురవుతుంది, మడమ పొత్రమవుతుంది.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, అంట్లు తోమే కదలికలో లయ లేకపోతే దానిని నాట్యంగా మార్చడం ఎవరి తరమూ కాదు. లయ అక్కడ ముందే ఉంది. ఛౌ గురువులు దానిని చూశారు, అంతే. దీని నుంచి తేలికగా చేయదగిన ఒక సాధన పుడుతుంది. రోజూ తప్పనిసరిగా చేసే, చేతులకు బాగా అలవాటైన ఒక పనిని ఎంచుకుని, ఒక వారం పాటు ఆ పని జరుగుతున్నంతసేపూ ఫోను పక్క గదిలో ఉంచి, ఆ కదలికకు ఎన్ని దెబ్బలు, ఎక్కడ విరామం, ఎక్కడ ఊపు అన్నది మాత్రమే గమనించాలి. పిండి కలపడమైనా, బట్టలు మడవడమైనా సరే. రెండో వారం నుంచి ఆ లెక్కకు ఒక కూనిరాగం దానంతట అదే తోడవుతుంది. ఇంటిపని భారమంతా ఒకరి మీదే పడేసి, దానిలో లయ వెతుక్కోమని ఆ ఒక్కరికే సలహా ఇవ్వడం మాత్రం మోసం. ఉఫ్లీలను శతాబ్దాలపాటు ఆడి చూపినవారు ఎక్కువగా మగవారేనన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

సరాయికేలా ఛౌలో మరో పాఠం మాస్కుది. మట్టితో అచ్చు చేసి, దాని మీద బట్ట, కాగితం పొరలు పొరలుగా అంటించి, ఆరబెట్టి, నునుపు చేసి, రంగు వేసే ఈ మాస్కు ముఖాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కళ్లకు, ముక్కుకు సన్నని రంధ్రాలే ఉండడం వల్ల ఊపిరి అందడం కష్టం. అందుకే ఒక్కో అంశం కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. ముఖంతో భావం చూపే దారి మూసుకుపోవడం వల్లనే మెడ వంపు, భుజం విరుపు, పాదం నిలుపు మాట్లాడడం నేర్చుకున్నాయి. సృజనకు స్వేచ్ఛ కావాలని అందరూ అంటారు గానీ, దానికి గోడ కూడా కావాలి. చిత్రలేఖనం మొదలుపెట్టేవారు ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనడం కంటే రెండు రంగులతో నెల గడపడం మేలు.

జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, ధాల్‌భూమ్‌గఢ్ దగ్గరి ఆమాడూబీ గ్రామంలో చిత్రకార్ కుటుంబాలు వేసే పైట్‌కార్ పటాలు ఇదే మాట చెబుతాయి. రాళ్ల నుంచి, ఆకుల నుంచి తీసిన కొద్దిపాటి రంగులతో పొడవాటి పటం మీద కథను గీసి, దానిని విప్పుతూ పాడుతూ ఇల్లిల్లూ తిరగడం వారి వృత్తి. తెలంగాణలోని చేర్యాల నకాషీ పటాలు చూసిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అక్కడా పటం గోడకు తగిలించే వస్తువు కాదు, కథకుడి చేతిలో నోటికి తోడుగా ఉండే పనిముట్టు.

ఇక మనస్తత్వశాస్త్రం ఈ విషయంలో ఏమంటుందో కొంత చూడాలి. 2009లో జేమ్స్ కాఫ్‌మన్, రొనాల్డ్ బెగెటో అనే పరిశోధకులు సృజనను నాలుగు మెట్లుగా వివరించారు: యుగాలు గుర్తుంచుకునే మహాసృజన, వృత్తినిపుణుల సృజన, రోజువారీ జీవితంలోని చిన్న సృజన, నేర్చుకునే క్రమంలో ఒక మనిషికి తనలోపల మాత్రమే కొత్తగా తోచే సూక్ష్మసృజన. మూడవ, నాలుగవ మెట్లకు బిరుదులు రావు. అయితే మనిషి ఆరోగ్యంతో ముడిపడినవి అవే అనిపించే సాక్ష్యం ఉంది. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన టామ్లిన్ కానర్ బృందం 658 మంది యువతీయువకుల చేత పదమూడు రోజులపాటు దినచర్య రాయించి 2016లో ఫలితాలు ప్రకటించింది. మామూలు కంటే ఎక్కువ సృజనాత్మకంగా గడిపిన రోజుకు మరునాడు వారిలో ఉత్సాహం, జీవితం సాఫీగా సాగుతోందన్న భావన పెరిగాయి. అంతకంటే విలువైన సంగతి ఏమిటంటే, దీనికి ఎదురు దిశలో సంబంధం కనిపించలేదు. అంటే ఈనాటి మంచి మనఃస్థితి రేపటి సృజనకు దారితీసినట్టు తేలలేదు. మనసు బాగున్నప్పుడు చేద్దాంలే అని వాయిదా వేసేవారు బండిని ఎద్దుల ముందు కడుతున్నారన్నమాట.

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం జరిపిన మరో అధ్యయనంలో 39 మంది పెద్దవారు 45 నిమిషాలపాటు మట్టి, కాగితపు ముక్కలు, రంగులతో తోచినది చేశారు. ఆ తరువాత దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో కార్టిసోల్, అంటే ఒత్తిడి సమయంలో శరీరం విడుదల చేసే హార్మోను, తగ్గింది. ముందు అనుభవం ఉన్నవారికీ లేనివారికీ తేడా పెద్దగా కనిపించలేదు. ఇది చిన్న అధ్యయనం; దీని మీద మేడలు కట్టకూడదు. పాట రోగాన్ని నయం చేస్తుందనీ, బొమ్మ గీస్తే మందులు మానేయవచ్చనీ చెప్పే పుస్తకాలను పాఠకుడు అనుమానంతోనే చూడాలి.

వినడం, చేయడం అనే రెండింటి మధ్య తేడాను పారిశ్రామిక చరిత్ర మరింత పదునుగా చూపుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940 జూన్‌లో, కర్మాగారాల్లో అలసటను తగ్గించి ఉత్పత్తి పెంచడానికి బీబీసీ 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే రేడియో కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సాస్' అనే పాటను ప్రసారం నుంచి తప్పించారు, ఎందుకంటే ఆ పాటలో చప్పట్లు చరిచే చోటు వస్తే కార్మికులు చేతిలోని పనిముట్లు వదిలేయడమో, వాటితోనే దరువు వేయడమో చేస్తారని భయపడ్డారు. సంగీతం చెవుల దాకా రావచ్చు గానీ చేతుల దాకా రాకూడదన్నది అక్కడి కట్టడి. నేడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి పాటలు వినే మనిషి ఇదే కట్టడిని తనకు తానే విధించుకున్నాడు. వినడం తప్పు కాదు, శ్రద్ధగా వినడం ఒక విద్య కూడా. అఖ్‌రాలో జరిగేది మాత్రం అది కాదు.

ఇప్పుడు ఇంట్లో తావు సంగతి. రెండు గదుల క్వార్టర్‌లో సంగీతానికి ఒక గది ఇవ్వడం కుదరదు, అవసరమూ లేదు. చాప పరిచేంత మూల చాలు. ఆ మూలలో మరే వస్తువూ పెట్టకూడదన్నది ఒక్కటే షరతు. వాద్యమైనా, కుట్టుపనైనా, రంగులైనా చేయి చాపితే అందేచోట, సంచిలోంచి బయట ఉండాలి, ఎందుకంటే బీరువా పైకెక్కిన మద్దెల మళ్లీ కిందికి దిగడం అరుదు. వేళను గంటతో కాక పనితో ముడిపెట్టాలి: ఏ షిఫ్టు అయినా డ్యూటీ దిగి, స్నానం చేసి, టీ తాగిన తరువాత ఇరవై నిమిషాలు. అప్పుడు షిఫ్టు మారినా నియమం మారదు. నిద్ర తక్కువైన రోజున ఆ ఇరవైని ఐదు చేయవచ్చు గానీ సున్నా చేయకూడదు. షిఫ్టుల ఊళ్లో పగలే నిద్రపోయే పొరుగువారు ఉంటారు కాబట్టి, సీ షిఫ్టు నుంచి వచ్చిన పక్కింటివారు పడుకున్న వేళ మద్దెల సాధనను మడత పెట్టిన తువ్వాలు మీదకో, తొడ మీదకో మార్చుకోవాలి, లేదా ఆ వేళను అల్లికకో, చెక్కపనికో, పటానికో వదిలేయాలి. లెక్క రాసుకోదలచినవారు ఎంత బాగా వచ్చిందన్నది రాయకుండా, కూర్చున్నామా లేదా అన్నదే రాసుకోవాలి.

నలుగురిని సమకూర్చడం అన్నింటికంటే కష్టం. దానికి పాతవారు కనిపెట్టిన ఉపాయం ఋతువు. ఝార్ఖండ్, పురూలియా ప్రాంతాల్లో పౌషమాసం పొడుగునా కుడ్మీలూ ఇతర జనమూ టుసు పండుగ జరుపుకుంటారు. ఆడపిల్లలు రోజూ చేరి, పాత వరుసలకు ఆ ఏటి సంగతులతో కొత్త మాటలు కట్టి పాడతారు, మకర సంక్రాంతి వేళ వెదురు, రంగు కాగితాలతో కట్టిన చౌడల్‌లను ఊరేగించి సువర్ణరేఖ వంటి నదుల్లో నిమజ్జనం చేస్తారు. తెలుగువారి ధనుర్మాసం సరిగ్గా అదే నెల. నెలగంట పెట్టింది మొదలు సంక్రాంతి దాకా వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు, వాటి చుట్టూ పాటలు. అంటే కద్మాలో ఒక ఇంటి ముందు చుక్కలు పడుతున్న నెలలోనే, నది అవతలి పల్లెలో చౌడల్‌కు కాగితం అంటుతూ ఉంటుంది. రెండూ ఒకే సూర్యుడి లెక్క.

ఈ రెండు ఆచారాల్లోనూ చేసినది దాచుకోవడం ఉండదు. చౌడల్ నీళ్లలో కలుస్తుంది, ఈ ఏడు కట్టిన పాట వచ్చే ఏటికి పాతబడుతుంది. ఫోనులో రికార్డు చేసి, పదిమందికి పంపి, ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చాయో చూసుకునే కాలంలో, ఆరంభకులు నిలవ ఉండని కళనే ఎంచుకోవడం మంచిది. కొత్తగా మొదలుపెట్టేవారికి డిసెంబరు నడుమ వచ్చే నెలగంట రోజు తగిన ముహూర్తం. పక్కింటి ఇల్లాలినో, ఎదురింటి పిల్లలనో కేకేసి, తలా ఒక పిడికెడు పిండితో నాలుగు చుక్కల ముగ్గుతో ఆరంభించవచ్చు. చుక్క దాటిపోయిన గీత సంగతి మరునాటి పొద్దున చీపురు చూసుకుంటుంది.